లోపాల లెక్క సరిగ్గా లేకపోతే కంట్రోల్ చార్ట్ ఏం చేయగలదు?

ప్లాస్టిక్ ఫిల్మ్ తీసే లైన్ ఒకటి తీసుకుందాం. ఒకే పొడవు, ఒకే వెడల్పు ఉన్న రోల్స్ వస్తున్నాయి, ఒక్కో రోల్‌లో సగటున 9 లోపాలు దొరుకుతున్నాయి. ఒకరోజు ఉదయం వచ్చిన రోల్‌లో 13 కనబడ్డాయి. వెంటనే సూపర్‌వైజర్‌కి ఫోన్ వెళ్తుంది, ఆపరేటర్‌ని పిలిచి నిలదీస్తారు, టెంపరేచర్ రెండు డిగ్రీలు మారుస్తారు, తర్వాతి రోల్‌లో 8 వస్తాయి, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. టెంపరేచర్ మార్చడం వల్లే తగ్గిందని రిజిస్టర్‌లో రాసేస్తారు కూడా. అసలు ఆ 13లో విశేషమేమీ లేదు. సగటు 9 ఉన్నప్పుడు, లైన్‌లో ఏ మార్పూ రాకపోయినా, దాదాపు ప్రతి ఎనిమిది రోల్స్‌లో ఒకదాంట్లో 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తాయి. దాని తర్వాత వచ్చే రోల్‌లో 13 కన్నా తక్కువ ఉండటమూ అంతే మామూలు. ఎవర్నీ ఏమీ అనకపోయినా, ఏ నాబ్ తిప్పకపోయినా 100లో 87 సార్లు అలాగే జరుగుతుంది.

వచ్చిన ప్రతి అంకెకీ మిషన్‌ని సవరిస్తూ పోతే హెచ్చుతగ్గులు తగ్గకపోగా పెరుగుతాయి. నాణ్యతా నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ తన సెమినార్లలో దీన్ని గరాటుతో చేసి చూపించేవారు. టేబుల్ మీద ఒక గుర్తు పెట్టి, గరాటును సరిగ్గా దానిపైన ఉంచి గోళీ వదిలితే, అది గుర్తు చుట్టూ కాస్త అటూ ఇటూ పడుతుంది. గరాటును కదపకుండా ఉంచినంతసేపూ ఆ చెదురు అంతే ఉంటుంది. గోళీ ఎటు ఎంత తప్పిందో చూసి ప్రతిసారీ గరాటును ఎదురు దిక్కుకి అంతే జరుపుతూ పోతే మాత్రం వేరియన్స్ (ఆ చెదురు ఎంతుందో చెప్పే కొలత) రెండింతలవుతుంది. అక్కడ ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు, శ్రద్ధగా ప్రతి తప్పునూ దిద్దుతూ పోయారు, అయినా పరిస్థితి పాడైంది. లైన్ మీద ఆపరేటర్లు చాలాసార్లు చేసేది ఇదే, అలా చేయక తప్పని టెన్షన్ పెట్టేది పైవాళ్లు.

దేనికి కదలాలి, దేనికి కదలకూడదు అన్న ఈ ప్రశ్నకే వాల్టర్ షూహార్ట్ 1924లో జవాబు వెతికారు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో తనిఖీ విభాగంలో పనిచేస్తూ, ఆ ఏడాది మే 16న పై అధికారికి ఒక చిన్న మెమో పంపారు, అందులో ఇవాళ మనం కంట్రోల్ చార్ట్ అంటున్న బొమ్మ ఉంది, అంటే వచ్చిన అంకెల్ని వరసగా చుక్కలుగా పెట్టి, వాటికి హద్దు గీతలు (లిమిట్లు) గీసిన పటం. 1931లో ఆ ఆలోచననంతా పుస్తకంగా తెచ్చారు. ఆయన చెప్పింది చాలా సూటిగా ఉంటుంది. ఏ ప్రక్రియలోనైనా ఎప్పుడూ ఉండే చిన్నాచితకా కారణాలు బోలెడు ఉంటాయి, వాటి వల్ల అంకెలు ఒక హద్దులో ఊగుతూనే ఉంటాయి. వాటితో సంబంధం లేకుండా అప్పుడప్పుడూ ప్రత్యేకమైన కారణం ఒకటి వచ్చి పడుతుంది. బ్యాచ్ మారింది, బేరింగ్ అరిగింది, కొత్త మనిషి వచ్చాడు, ఇలాంటివి. రెండో రకాన్ని వెతికితే దొరుకుతుంది. మొదటి రకం ఊగిసలాటలో ఒక్కో అంకెకి ఒక్కో కారణం వెతకడం ఉన్న మనుషుల సమయాన్ని పాడుచేయడమే.

హద్దు ఎక్కడ గీయాలన్నదానికి ఆయన ఎంచుకున్నది సగటుకి అటూ ఇటూ మూడు సిగ్మాలు (సిగ్మా అంటే అంకెలు సగటు నుంచి మామూలుగా ఎంత దూరం చెదురుతాయో చెప్పే కొలత, వేరియన్స్‌కి వర్గమూలం). ఇదేదో గణితం నుంచి దానంతటదే ఊడిపడిన అంకె అనుకోనక్కర్లేదు, అనవసరంగా వెతికే ఖర్చు, అవసరమైనప్పుడు వెతకకపోవడం వల్ల వచ్చే నష్టం, ఈ రెండింటినీ తూచి చూస్తే మూడు దగ్గర పని బాగా జరుగుతోందని అనుభవంతో పెట్టుకున్నది. లోపాల లెక్కల విషయంలో సిగ్మా కనుక్కోవడం చాలా తేలిక. లోపాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా అక్కడొకటి అక్కడొకటి పడుతున్నాయనుకుంటే, వాటి లెక్క పాయిజాన్ విభాజనాన్ని (ఇలాంటి లెక్కల్లో ఏ అంకె ఎంత తరచుగా వస్తుందో చెప్పే గణిత నమూనాని) పాటిస్తుంది, ఆ విభాజనంలో వేరియన్స్ సగటుతో సమానం. కాబట్టి సగటుకి వర్గమూలం తీస్తే అదే సిగ్మా. సగటు 9 అయితే సిగ్మా 3, మూడు సిగ్మాలు 9, పై లిమిట్ 18, కింది లిమిట్ సున్నా. 13 ఎందుకు మామూలు అంకో ఇప్పుడు తెలుస్తుంది. 19 వస్తే మాత్రం లైన్ దగ్గరికి వెళ్లి చూడాలి.

సూత్రం ఇంతే. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. మరి ఇంత తేలికైన చార్ట్ చాలాచోట్ల గోడ మీద వేలాడుతూ ఎవరికీ పనికిరాకుండా ఎందుకు ఉంటుంది? చాలావరకు కారణం ఒక్కటే, చార్ట్ మీద మొదటి చుక్క పడకముందే లెక్క చెడిపోయి ఉంటుంది. దేన్ని ఒక లోపం అంటున్నాం, ఎంత విస్తీర్ణంలో లెక్కపెడుతున్నాం, ఎవరు లెక్కపెడుతున్నారు అన్న మూడు విషయాల్లో తేడా ఉంటే సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైనా అది గీసే గీతలు తప్పే అవుతాయి.

ముందు ఏ చార్ట్ వాడాలో చూసి త్వరగా ముందుకు పోదాం. ముక్కల్ని బాగుంది, బాగాలేదు అని రెండుగా విడదీస్తుంటే పి చార్ట్, శాంపిల్ సైజు ఎప్పుడూ ఒకటే అయితే ఎన్‌పి చార్ట్. ఒక్కో రోల్ మీదో, షీట్ మీదో ఎన్ని లోపాలున్నాయో లెక్కపెడుతుంటే సి చార్ట్, ఆ రోల్స్ సైజులు మారుతుంటే యు చార్ట్. బట్ట, కాగితం, ఉక్కు కాయిల్, గాజు షీట్, పెయింట్ వేసిన ప్యానెల్ లాంటి వాటికి ఎక్కువగా కావాల్సింది సి, యు చార్ట్‌లే, ఎందుకంటే వెయ్యి మీటర్ల రోల్‌ని ఒక్క మచ్చ ఉందని చెడ్డది అనలేం.

సైజు దగ్గరే మొదటి పెద్ద పొరపాటు జరుగుతుంది. ఒకరోజు 200 చదరపు మీటర్ల రోల్, మర్నాడు 800 చదరపు మీటర్ల రోల్ వస్తుంటే రెండింటినీ సి చార్ట్ మీద పక్కపక్కనే పెట్టేస్తారు, పెద్ద రోల్ వచ్చిన ప్రతిసారీ అలారం మోగుతుంది, నాలుగు రోజులకి ఆ అలారాన్ని ఎవరూ పట్టించుకోరు. కొంచెం తెలిసినవాళ్లు 100 చదరపు మీటర్లకి ఎన్ని అని భాగించి రేటు తీస్తారు, అది మంచిదే, కానీ అన్ని రోల్స్‌కీ ఒకే లిమిట్ గీసేస్తారు. సగటు రేటు 100 చదరపు మీటర్లకి 2 లోపాలనుకుందాం. 200 చదరపు మీటర్ల రోల్ అంటే 2 యూనిట్లు, 2ని 2తో భాగించి వర్గమూలం తీస్తే సిగ్మా 1, పై లిమిట్ 5. 800 చదరపు మీటర్ల రోల్‌లో 8 యూనిట్లు, 2ని 8తో భాగించి వర్గమూలం తీస్తే సిగ్మా 0.5, పై లిమిట్ 3.5. ఇప్పుడు చిన్న రోల్‌లో 8 లోపాలు దొరికాయి, రేటు 4, లిమిట్ లోపలే ఉంది. పెద్ద రోల్‌లో 30 దొరికాయి, రేటు 3.75, లిమిట్ దాటింది. రేటు తక్కువగా ఉన్న రోల్‌నే అనుమానించాలి. చూడ్డానికి తిరకాసుగా ఉన్నా ఇదే సరైనది, చిన్న విస్తీర్ణంలో తీసిన రేటు ఊరికే ఎగిరెగిరి పడుతుంది, పెద్ద విస్తీర్ణంలో తీసినది అంత తేలిగ్గా కదలదు, కదిలిందంటే ఏదో జరిగినట్టే. అందుకే యు చార్ట్ మీద లిమిట్ గీతలు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఆ మెట్లు చూసి చార్ట్ గజిబిజిగా ఉందని సగటు సైజు పెట్టి గీతను తిన్నగా చేసేవాళ్లున్నారు. సైజులు ఒకదానికొకటి దగ్గర్లో ఉంటే ఫర్వాలేదు, నాలుగు రెట్ల తేడా ఉన్నప్పుడు అలా చేయకూడదు.

ఇక ఒక లోపం అంటే ఏమిటన్న ప్రశ్న. ఇది తేలిక ప్రశ్నలా కనబడుతుంది గానీ మెటీరియల్స్ తయారీలో కొంప ముంచేది ఇదే. పాయిజాన్ లెక్కకి ప్రాణం ఒక్క షరతులో ఉంది, ఒక లోపం పడటానికీ ఇంకో లోపం పడటానికీ సంబంధం ఉండకూడదు. గాలిలో దుమ్ము కణం వచ్చి తడి పెయింట్ మీద పడటం చాలావరకు అలాంటిదే. రోలర్ మీద పడిన గాటు మాత్రం అలాంటిది కాదు. 300 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రోలర్ మీద చిన్న దెబ్బ తగిలిందంటే, ఆ రోలర్ ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ ఫిల్మ్ మీదో, రేకు మీదో ఒక మచ్చ వేస్తుంది. వ్యాసాన్ని పై (π, సుమారు 3.14)తో గుణిస్తే చుట్టుకొలత 942 మిల్లీమీటర్లు, కాబట్టి 942 మిల్లీమీటర్లకొక మచ్చ, గీత గీసినట్టు వరసగా. రోల్ చివరి 50 మీటర్లలో ఆ దెబ్బ తగిలిందనుకున్నా 53 మచ్చలు వచ్చేస్తాయి. సగటు 9 ఉన్న చార్ట్ మీద 53 చుక్క పెడితే అది పైకప్పు దాటి పోతుంది.

అలారం రావడం మంచిదేగా అనిపించవచ్చు. ఆ ఒక్కసారికి మంచిదే. కానీ ఆ 53ని 53 లోపాలుగానే లెక్కలో ఉంచి సగటు తీస్తే సగటు పెరుగుతుంది, దాంతో లిమిట్లు పైకి జరుగుతాయి, తర్వాత నిజంగా 19, 20 వచ్చినా చార్ట్ పలకదు. మచ్చలు 53 ఉన్నా జరిగిన ఘటన ఒక్కటే. కాబట్టి సమాన దూరంలో వస్తున్న మచ్చల్ని ఒక ఘటనగా ఒకసారే లెక్కపెట్టి, వాటికి వేరే రికార్డు పెట్టడం సరైన పద్ధతి. కస్టమర్‌కి ఎన్ని మీటర్లు పాడైపోయాయన్నది కూడా ముఖ్యమే, అది వేరే కాలమ్‌లో రాసుకోవచ్చు, ఆ అంకెని ఈ చార్ట్‌లో కలపకూడదు.

ఆ దూరాన్ని కొలిచి రాయడం వల్ల ఇంకో పెద్ద లాభం ఉంది, చార్ట్ చెప్పలేని సంగతిని టేపు చెబుతుంది. లైన్‌లో ఉన్న ప్రతి రోలర్ వ్యాసం తెలుసు కాబట్టి, మచ్చల మధ్య దూరాన్ని పైతో భాగిస్తే ఏ రోలర్ దగ్గర మొదలైందో తేలిపోతుంది. ఇందులో ఒక మెలిక మాత్రం గుర్తుపెట్టుకోవాలి. రేకుని మందం తగ్గించే లైన్‌లో, మచ్చ పడిన తర్వాత రేకు ఇంకా నలిగి సాగితే మచ్చల మధ్య దూరం కూడా సాగుతుంది. వెడల్పు మారకుండా మందం 4 మిల్లీమీటర్ల నుంచి 2కి తగ్గితే 942 కాస్తా 1885 అవుతుంది. చివర్లో టేపు పెట్టి కొలిచినవాళ్లు దాన్ని చూసి 600 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రోలర్ కోసం వెతుకుతారు, అసలు దోషి అంతకుముందు స్టాండ్‌లో (రేకుని నొక్కే రోలర్ల జతలో) ఉన్న 300 మిల్లీమీటర్ల రోలర్. అనుభవం ఉన్న మెయింటెనెన్స్ వాళ్లు ఈ లెక్కను లైన్ పక్కనే ఒక పట్టికగా రాసి అంటించుకుంటారు, ప్రతి రోలర్‌కీ ఆఖరి రోల్ మీద దూరం ఎంత కనబడుతుందో అందులో ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేర్ కొనేముందైనా ఆ పట్టిక తయారుచేసుకోవడం మేలు.

రోలర్ గాట్లే కాదు, గుంపులుగా వచ్చే లోపాలన్నీ ఈ కోవలోకే వస్తాయి. నూలు ఒక బాబిన్‌లో బాగాలేకపోతే ఆ బాబిన్ అయిపోయేదాకా బట్టలో లోపాలు వరసగా వస్తాయి. ఇలా గుంపులున్నాయో లేవో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. ఒకే సైజు రోల్స్ పాతిక తీసుకుని లోపాల లెక్కలకి సగటు, వేరియన్స్ రెండూ తీయండి. పాయిజాన్ నిజమైతే రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. సగటు 9 ఉండి వేరియన్స్ 40 వచ్చిందంటే లోపాలు విడివిడిగా పడటం లేదని, లేదా ఆ పాతిక రోల్స్‌లో అసలు రెండు మూడు రకాల పరిస్థితులు కలిసిపోయాయని అర్థం.

మూడోది, ఎవరు లెక్కపెడుతున్నారు. చార్ట్ మీద చుక్కలు రోజుకొకసారి పైకి, ఒకసారి కిందికి రంపపు పళ్లలా వస్తుంటే మిషన్ దగ్గరికి పరిగెత్తేముందు షిఫ్ట్ డ్యూటీ చార్ట్ తెప్పించుకుని చూడాలి. ఒక ఇన్‌స్పెక్టర్ అర మిల్లీమీటర్ చుక్కని కూడా రాస్తాడు, ఇంకొకరు దాన్ని వదిలేస్తారు. తనిఖీ టేబుల్ పైన కొత్త లైట్లు పెట్టిన వారం లోపాలు పెరిగాయంటే మెటీరియల్ అలాగే ఉంది, కనబడటం పెరిగింది. కెమెరా పెడితే ఈ బాధ పోతుందనుకుంటారు, కెమెరాకి కూడా ఎంత పెద్ద మచ్చని లోపం అనాలో ఎవరో ఒకరు సెట్ చేయాలి, ఆ సెట్టింగ్‌ని ఎవరికీ చెప్పకుండా మారిస్తే చార్ట్‌లో ఒక మెట్టు వస్తుంది, దాని కారణం కోసం ఎక్స్‌ట్రూడర్ (ప్లాస్టిక్‌ని కరిగించి బయటికి నెట్టే మిషన్) విప్పినా దొరకదు. కాబట్టి ఏది లోపమో, ఏది కాదో హద్దు మీద ఉన్న నమూనా ముక్కల్ని పక్కన పెట్టుకుని చూపించాలి, మాటల్లో రాసిన నిర్వచనం ఒక్కటే సరిపోదు. ఒకే 30 ముక్కల్ని ఇద్దరు ఇన్‌స్పెక్టర్లకి, రెండేసి సార్లు, వరస మార్చి, ముందు ఏం రాశారో గుర్తు రాకుండా ఇచ్చి చూస్తే వాళ్ల లెక్కలు ఎంతవరకు కలుస్తున్నాయో తేలుతుంది. తనతో తనే కలవని ఇన్‌స్పెక్టర్ ఉన్నాడంటే తప్పు అతనిది అయి తీరాలని లేదు, వెలుతురు, వేగం, అలసట అన్నీ చూడాలి. ఈ పరీక్ష పెట్టకుండా చార్ట్ మొదలుపెట్టడం మాత్రం ఒప్పుకోదగ్గది కాదు.

కింది లిమిట్ దాటి చుక్క పడినప్పుడు కూడా ఈ అనుమానమే ముందు రావాలి. లోపాలు హఠాత్తుగా తగ్గాయంటే నిజంగా ఏదో మంచి జరిగి ఉండాలి, అదేంటో కనుక్కుంటే నిలుపుకోవచ్చు, లేదా ఆరోజు సరిగ్గా చూడలేదు. రెండూ వెతకదగ్గవే. సమస్యేమిటంటే సగటు 9 కన్నా తక్కువ ఉంటే సి చార్ట్‌కి కింది లిమిట్ ఉండదు. సగటు 4 అయితే సిగ్మా 2, పై లిమిట్ 10, కింది లిమిట్ మైనస్ 2, అంటే లేనట్టే. అప్పుడు ఒక్క చుక్కతో మెరుగుదల తెలియదు, వరసగా ఎనిమిది చుక్కలు మధ్య గీతకి కిందే పడ్డాయా అని చూడాలి.

ఈ ఎనిమిది చుక్కల లాంటి నియమాలు వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్లు 1956లో వేసిన హ్యాండ్‌బుక్‌తో బాగా వ్యాపించాయి. మూడు చుక్కల్లో రెండు ఒకే వైపు రెండు సిగ్మాలు దాటడం, ఐదింటిలో నాలుగు ఒకే వైపు ఒక సిగ్మా దాటడం, వరసగా ఎనిమిది ఒకే వైపు ఉండటం. ఇవి చిన్న మార్పుల్ని త్వరగా పట్టిస్తాయి, అందులో సందేహం లేదు. కానీ సాఫ్ట్‌వేర్‌లో అన్ని బాక్సులకీ టిక్ పెట్టే అలవాటు మంచిది కాదు. నార్మల్ విభాజనంలో (అంకెలు సగటు చుట్టూ గంట ఆకారంలో చెదిరినప్పుడు) మూడు సిగ్మాల నియమం ఒక్కటే వాడితే సగటున 370 చుక్కలకి ఒకసారి తప్పుడు అలారం వస్తుంది, పై మూడింటినీ దానికి కలిపితే దాదాపు 92 చుక్కలకే ఒకటి వస్తుంది. గంటకొక చుక్క పెట్టే లైన్‌లో అది నాలుగు రోజులకొక ఉత్తుత్తి వేట. చిన్న మార్పులే ముఖ్యమైతే దానికి వేరే సాధనాలున్నాయి. 1954లో పేజ్ ప్రతిపాదించిన క్యూసమ్, 1959లో రాబర్ట్స్ ప్రతిపాదించిన ఈడబ్ల్యూఎమ్ఏ అనే చార్ట్‌లు పాత చుక్కల్ని కూడా లెక్కలో ఉంచుకుంటాయి. సగటు ఒక సిగ్మా మేర జరిగితే మామూలు షూహార్ట్ చార్ట్ పట్టుకోవడానికి సగటున 44 చుక్కలు పడుతుంది, ఇవి పది చుక్కల ప్రాంతంలో పట్టేస్తాయి. అయితే ఆపరేటర్‌కి చార్ట్ చూడగానే అర్థం కావాలి, ఆ విషయంలో షూహార్ట్ చార్ట్‌ని మించింది లేదు. రెండూ పక్కపక్కన పెట్టుకోవడం మంచి పద్ధతి.

లిమిట్లు ఎక్కణ్నుంచి వస్తాయన్న విషయంలోనూ జాగ్రత్త కావాలి. లైన్ మామూలుగా నడుస్తున్నప్పటి 20, 25 రోల్స్ లెక్కల నుంచే అవి రావాలి. కస్టమర్ 15 దాటకూడదన్నాడని 15 దగ్గర ఎర్ర గీత గీస్తే అది కంట్రోల్ చార్ట్ కాదు, అది కస్టమర్ కోరిక గీత. కస్టమర్ హద్దు మెటీరియల్ ఎలా ఉండాలో చెబుతుంది, కంట్రోల్ లిమిట్ లైన్ ఎలా నడుస్తోందో చెబుతుంది, రెండింటినీ ఒకే చార్ట్ మీద గీస్తే జనం రెంటినీ కలిపేస్తారు. ఈ ఏడాది లక్ష్యం 6 అని మేనేజ్‌మెంట్ మధ్య గీతని 6 దగ్గర గీయించడం ఇంకా ఘోరం, అక్కణ్నుంచి సగం చుక్కలకి పైగా సంజాయిషీలు రాయించడంతోనే కాలం గడుస్తుంది. మొదటి 25 చుక్కల్లో ఏదైనా లిమిట్ దాటితే, దాని కారణం దొరికి దాన్ని సరిచేశాకే ఆ చుక్కని తీసేసి లిమిట్లు మళ్లీ వేయాలి. కారణం దొరకని చుక్కని చూడ్డానికి బాగాలేదని తీసేయడం తప్పు.

చుక్కలన్నీ లిమిట్ల లోపలే పడుతున్నా చార్ట్ నిజం దాచే సందర్భం ఒకటుంది. నాలుగు గుంటలున్న మౌల్డ్‌లో ఒక గుంట 5 శాతం చెడ్డ ముక్కలు ఇస్తోంది, మిగతా మూడూ 1 శాతం చొప్పున ఇస్తున్నాయి. నాలుగింటినీ కలిపి శాంపిల్ తీస్తే 2 శాతం, రోజూ 2 శాతం చుట్టూనే, చార్ట్ చూడముచ్చటగా ఉంటుంది. గుంటల వారీగా విడదీసిన రోజు అసలు సంగతి బయటపడుతుంది. ఇద్దరు సప్లయర్ల రెసిన్‌ని (ప్లాస్టిక్ ముడిసరుకుని) ఒకే చార్ట్ మీద పెట్టినా ఇంతే. ఒక చుక్క కింద చేరిన ముక్కలన్నీ వీలైనంత ఒకే పరిస్థితిలో తయారైనవై ఉండాలి, అప్పుడే చుక్కకీ చుక్కకీ మధ్య తేడా ఏదైనా చెప్పగలుగుతుంది.

శాంపిల్ మరీ పెద్దదైతే ఇంకో రకం చిక్కు. ఆటోమేటిక్ తనిఖీలో రోజుకి 10,000 ముక్కలు చూస్తున్నారు, సగటున 2 శాతం చెడ్డవి. పి చార్ట్ సూత్రం ప్రకారం లిమిట్లు 1.58 శాతం, 2.42 శాతం. అంత సన్నటి సందులో ఏ ఫ్యాక్టరీ కూడా రోజూ ఉండలేదు, తేమ, రెసిన్ బ్యాచ్, టెంపరేచర్ రోజురోజుకీ కాస్త మారుతూనే ఉంటాయి కదా, కాబట్టి చాలా చుక్కలు బయటే పడతాయి. ఇక్కడ లైన్‌ని తప్పుపట్టడానికి లేదు, ముక్కల మధ్య యాదృచ్ఛిక తేడా ఒక్కటే ఉందనుకున్న సూత్రం సరిపోలేదు. డేవిడ్ లేనీ అనే ఆయన 2002లో ప్రచురించిన సవరణ చార్ట్‌లు ఇందుకే ఉన్నాయి, అవి రోజుకీ రోజుకీ మధ్య నిజంగా ఉన్న తేడాని కూడా లెక్కలోకి తీసుకుని లిమిట్లని వెడల్పు చేస్తాయి. అయితే ఆ చార్ట్‌కి మారేముందు రోజువారీ తేడా ఎక్కణ్నుంచి వస్తోందో ఒకసారి వెతకడం అవసరం, గుంపుల సమస్యని లిమిట్లు వెడల్పు చేసి కప్పేస్తే అది అక్కడే ఉంటుంది.

లోపాలు మరీ అరుదైతే దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒక్కో లాట్‌కి సగటు 0.05, అంటే 20 లాట్లకొక లోపం. సూత్రంలో పెడితే పై లిమిట్ 0.72 వస్తుంది, అంటే ఒక్క లోపం కనబడినా అలారమే, అది మామూలుగానే 20 లాట్లకొకసారి కనబడుతుంది. సున్నాల వరసలో అప్పుడప్పుడూ ఒక ఎర్ర చుక్క, అంతకుమించి ఆ చార్ట్ ఏమీ చెప్పదు. ఇలాంటప్పుడు లోపాల్ని లెక్కపెట్టడం మానేసి రెండు లోపాల మధ్య ఎన్ని మంచి లాట్లు వచ్చాయో లెక్కపెట్టాలి, జి చార్ట్ అనేది చేసేది అదే. మామూలు పరిస్థితిలో ఎంచుకున్న రెండు వరస లాట్లలోనూ లోపం ఉండే అవకాశం దాదాపు 400లో 1, కాబట్టి అలా వస్తే ఆగి చూడాలి. ఒక్క లోపం కూడా లేకుండా 100 లాట్లు దాటడం దాదాపు 150లో 1, అలా దాటితే నిజంగా మెరుగైందని నమ్మొచ్చు.

అలారం వచ్చాక ఏం చేయాలన్నది ముందే రాసి పెట్టుకోకపోతే ఇదంతా వృథా. చార్ట్ లైన్ పక్కనే ఉండాలి, నెలాఖరు రిపోర్ట్‌లో కనబడితే అప్పటికి ఆధారాలు చెరిగిపోతాయి. చుక్క పక్కనే ఏ బ్యాచ్, ఏ షిఫ్ట్, ఎప్పుడు ఫిల్టర్ మార్చారు, ఎప్పుడు లైన్ ఆగి మళ్లీ మొదలైంది అన్నవి పెన్సిల్‌తో రాయాలి. లిమిట్ దాటినప్పుడు ఆపరేటర్ మొదట చూడాల్సినవి మూడు నాలుగు అయితే చాలు, ముందు లోపం ముక్కని కత్తిరించి పక్కన పెట్టడం వాటిలో మొదటిది. ముక్క లేకుండా అంకె మీద ఎంతసేపు చర్చించినా కారణం దొరకదు.

ఇక చార్ట్ పూర్తిగా నిలకడగా ఉండి, మెటీరియల్ మాత్రం బాగాలేని పరిస్థితి. ఒక్క అలారమూ లేదు, ఒక్కో రోల్‌కి సగటు 16, కస్టమర్ మాత్రం రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఇక్కడ ఏ ఒక్క చెడ్డ రోల్ వెనకాలా పడి లాభం లేదు, ఆపరేటర్‌ని జాగ్రత్తగా ఉండమన్నా ఒరిగేదేమీ లేదు, ఆ 16 మొత్తం ఏర్పాటు నుంచి వస్తోంది, దాన్ని మార్చగల అధికారం ఉన్నవాళ్లే కదలాలి. పాతిక రోల్స్ లోపాల్ని రకాల వారీగా విడదీస్తే, జెల్స్, నల్ల చుక్కలు, గీతలు, ఎక్కువ భాగం ఏ రకానిదో కనబడుతుంది. కరిగిన రెసిన్‌లో కరగకుండా మిగిలిన ముద్దలు జెల్స్, ఎక్స్‌ట్రూడర్‌లో ఎక్కడో నిలిచిపోయి మాడిన పాలిమర్ నల్ల చుక్కలు. ఎక్కువగా జెల్సే ఉన్నాయని తేలి, ఇంకా సన్నటి జల్లెడలు వేసి, వాటిని మార్చే గడువు తగ్గించారనుకుందాం. తర్వాతి ఎనిమిది రోల్స్ వరసగా 16 కిందే వస్తే మార్పు నిజమైనదే. అప్పుడు పాత లిమిట్లని అలాగే వదిలేయకూడదు, కొత్త రోల్స్‌తో మళ్లీ వేయాలి. కొత్త సగటు 7 అయితే పై లిమిట్ 14.9 అవుతుంది. పాత చార్ట్ మీద సగటు కన్నా మెరుగ్గా కనబడే 15 లోపాల రోల్ కొత్త చార్ట్ మీద అలారం మోగిస్తుంది, మోగితే వెళ్లి జల్లెడ చూడాలి.